ఆమెన్ అనేవరకూ

గాజువాక దాటాక కొండ వారన ఉన్న నిర్వాసితుల కాలనీ చర్చికి రాజకీయాలంటే గిట్టదు. ఈ సంగతి గోడ మీద రాసి లేదు. సంఘం సెక్రటరీ అర్జునరావుగారు వారం వారం చెప్పే తీరు వింటే రాయాల్సిన అవసరం కూడా లేదనిపిస్తుంది. ఆయన పోర్టు ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. "మన రాజ్యం పైనుంది. కింద ఎవడు ఏలితే మనకేంటి?" అంటూ చెయ్యెత్తి సీలింగు ఫ్యాను వైపు చూపిస్తారు. పై రాజ్యం గురించి అంత నిశ్చింతగా ఉన్న మనిషి, కింది వార్డులో ఏ నాయకుడికి ఏ నాయకుడితో చెడిందో తెలుసుకోందే పొద్దున కాఫీ ముట్టడు.

ఆ చర్చికి ఇంకో పట్టింపు ఉంది. ఎవరైనా నిలబడి ప్రార్థన మొదలుపెడితే, వాళ్లు ఆమెన్ అనేవరకూ మిగతా వాళ్లెవరూ కళ్లు తెరవకూడదు, నోరు మెదపకూడదు. ఆ మనిషి దేవుడితో మాట్లాడుతున్నాడాయె, మధ్యలో అడ్డం వెళ్లడానికి మనమెవరం? ఒక పెళ్లిలో ఒక పెద్దాయన వధూవరుల కోసం మొదలుపెట్టి, వాళ్లకి పుట్టబోయే మనవల చదువుల దాకా వెళ్లిపోయాడు. పెళ్లికొడుకు కోటులో ఉడికిపోయాడు. బిర్యానీ అడుగంటింది. అయినా ఒక్కరు దగ్గలేదు. అంత గట్టి పట్టింపు.

జోగమ్మ ఆ చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. బాప్తిస్మంలో మార్తమ్మ అని పేరు పెట్టారు గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్లందరూ పోయారు. బడి మొహం చూడలేదు. పాటల పుస్తకం మీద వేలు పెట్టి, నోటికొచ్చిన పాటని రాని అక్షరాలతో జతచేసుకుంటూ తనకి తానే చదవడం నేర్చుకుంది. బెంగ మనిషి. పక్కింట్లో పొద్దుపోయాక ఫోన్ మోగితే ఎవరికేమైందోనని గుమ్మంలోకి వస్తుంది. ఇంట్లో వాళ్లు చెప్పులేసుకుంటే చాలు, "ఎక్కడికి? ఎప్పుడొత్తారు?" అని రెండు ప్రశ్నలు.

ఆ బెంగ ఊరికే రాలేదు. ఫ్యాక్టరీల కోసం పుట్టిన ఊరు ఖాళీ చేసినప్పుడు తోబుట్టువులు తలో కాలనీకీ చెదిరిపోయారు. తర్వాత మొగుడు అండమాన్‌లో పని దొరికిందని పోర్టులో ఓడెక్కాడు. ఓడ తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. మనిషి రాలేదు. పోయాడని కబురొస్తే ఏడ్చి ఊరుకునేది. కబురూ రాలేదు. ఆ ఏడుపు సగంలో నిలిచిపోయి అలాగే ఉంది.

ఇప్పుడు కూతురు రాధ వెళ్లిపోతానంటోంది. అల్లుడు వెంకటేష్, మనవరాలు నిఖితతో సహా.

వెంకటేష్ ఆటోనగర్‌లో ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే ఒక ఫౌండ్రీలో కాంట్రాక్టు కార్మికుడు. అక్కడ మనుషుల్ని పనికి పెట్టేదీ తీసేదీ సన్యాసిరాజు. నాలుగైదు ఫ్యాక్టరీలకి కూలీలను అందించే కాంట్రాక్టరు. ఈమధ్య ఎమ్మెల్యే టిక్కెట్టు కోసం తెల్లబట్టలకి మారాడు. ప్రావిడెంట్ ఫండు కట్టమని అడిగినందుకు ముప్పై మంది దాకా ఒక్క మాటతో మానిపించేశాడు. వాళ్లు దసరా నుంచీ గేటు ఎదుట టెంటు వేసుకుని కూర్చున్నారు. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. టెంటు గుడ్డ వెలిసిపోయింది. వెంకటేష్ స్నేహితుడు గుజరాత్‌లో హజీరా నుంచి ఫోన్ చేసి ఇక్కడ పనుంది, కొత్త సంవత్సరం లోపల వచ్చెయ్యమన్నాడు. రాధ అప్పుడే గ్రైండరు ఎవరికి అమ్మాలా అని చూస్తోంది.

జోగమ్మ ఆ గ్రైండరు వైపు చూడటమే మానేసింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తిన్నగా కమిటీ గదిలోకి వెళ్లింది. అర్జునరావుగారు, ఇద్దరు సంఘ పెద్దలు, పాస్టరు సాయిశంకర్ టీ తాగుతున్నారు. పాస్టరు కుర్రవాడు. వాళ్లమ్మ ఏ బాబాకి మొక్కుకుని కన్నదో ఆ పేరే ఉంచుకున్నాడు. మార్చుకోమని కమిటీ చెప్పిచెప్పి అలిసిపోయింది. ఆయన కమిటీకి ఎదురు నిలిచింది ఆ ఒక్క విషయంలోనే.

"అయ్యగారూ, ఒక్కసారి ఆ టెంటు కాడికి రండి," అంది జోగమ్మ. "ఏటీ మాటాడొద్దు. ఊరికే వచ్చి కూకోండి. మీ తెల్లసొక్కా సూస్తే పోలీసోళ్లయినా కాస్త మెత్తగా ఉంటారు."

పాస్టరు కప్పు కింద పెట్టాడు. "రావాలనే ఉందమ్మా. కూలీల జీతం బిగబట్టిన వాళ్ల మీద ప్రవక్తలు ఎంత మండిపడ్డారో మాకు సెమినరీలో..." అంటూ అర్జునరావుగారి మొహం చూసి, మళ్లీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు.

"జోగమ్మా, ఆ టెంటుకి జెండా ఉందా లేదా?" అన్నారు అర్జునరావుగారు.

"ఉంది బాబూ. ఎండ పడతందని అడ్డం కట్టుకున్నారు."

"ఎందుకు కట్టుకుంటే ఏం, జెండా జెండాయే. చర్చి జెండా కిందకి వెళ్లదు. కైసరు సంగతి కైసరుకి, రాజు సంగతి రాజుకి వదిలెయ్యాలి. మన పని ఆత్మలు, కూలి రేట్లు కాదు."

"మరి సారా దుకాణం మీదకి ఎల్లినప్పుడో? అప్పటి అయ్యగారు డప్పు కొట్టుకుంటా ముందు నడిసినారు. ఆడోళ్లం పాటలు పాడతా దుకాణం సుట్టూ కూకున్నాం. అట్టల మీద ఎర్రరంగుతో రాసింది నువ్వే కదా బాబూ? నీ సెయ్యి ఒణికి అచ్చరాలు వంకరపోతే నవ్వుకున్నాం కూడాను."

"అది వేరు. సారా పాపం. అది నీతికి సంబంధించింది."

"తాగితే పాపం, కష్టం మింగేత్తే పాపం కాదేటి?"

ఆ మాటకి ఒక సంఘ పెద్ద తలాడించబోయి, ఎవరి పక్క ఉన్నానో గుర్తొచ్చి మెడ నొప్పిలా సర్దుకున్నాడు. అర్జునరావుగారు గొంతు సవరించుకున్నారు. చర్చి ఒకసారి వీధికెక్కితే వెనక్కి రాదనీ, ఈవేళ కూలీలంటారు, రేపు రోడ్డంటారు, ఎల్లుండి ఓటంటారు, సంఘం రెండుగా చీలిపోతుందనీ, చీలికను మించిన పాపం లేదనీ చెప్పారు. అందులో కొంత నిజం లేకపోలేదు. చీలికలంటే ఆయనకి బాగా తెలుసు. కిందటి చర్చి నుంచి ఈ చర్చిని చీల్చుకొచ్చింది ఆయనే.

"సరే, రాజకీయం వద్దన్నారు, ఒగ్గేసినాను," అంది జోగమ్మ లేవబోతూ.

"కూచో, నీతో పనుంది. సెమీ క్రిస్మస్‌కి ముఖ్య అతిథి ఒప్పుకున్నారు."

అసలు పండక్కి ముందు, నాయకులకి ఖాళీ దొరికే సాయంత్రం చూసుకుని చేసే పండగ సెమీ క్రిస్మస్. ప్రభువు పుట్టిన రోజుని ప్రభువు ముందుకీ వెనక్కీ జరపలేడు గానీ, కమిటీలు జరపగలవు.

"ఎవరు బాబూ?"

"సన్యాసిరాజుగారు."

జోగమ్మ కూర్చుంది.

"కైసరుని ఒగ్గెయ్యమన్నారు, బాగుంది. కైసరుకి శాలువా కప్పమని ఎక్కడున్నాది?"

రెండో సంఘ పెద్ద నవ్వుని దగ్గులోకి మార్చుకున్నాడు. అర్జునరావుగారికి కోపమొచ్చింది. "ఇది రాజకీయం కాదు, సంఘ అవసరం. మన వాళ్లు పోతే మోసుకెళ్లడానికి చోటు లేదు. సమాధుల స్థలం ఇప్పిస్తానని ఆయన మాటిచ్చారు. ఒక దండ వేసి అడిగితే తప్పా?"

"అంటే సచ్చినోళ్ల కోసం అడగొచ్చు. బతికున్నోళ్ల కోసం అడిగితే రాజకీయం."

పాస్టరు కప్పు అడుగున మిగిలిన టీ పొడిని చాలా శ్రద్ధగా చూశాడు.

అయినా అర్జునరావుగారు ఆమెతో ఉన్న పని మానుకోలేదు. ముగింపు ప్రార్థన జోగమ్మ చెయ్యాలట. పాస్టరుకిస్తే లోకానికి ఉప్పనీ దీపమనీ ఎక్కడికో లాక్కుపోతాడు. తాను చేస్తే మామూలుగా ఉంటుంది. తల నెరిసిన ముసలామె సన్యాసిరాజు నెత్తిన చెయ్యి పెట్టి దీవిస్తే పేపర్లో ఫోటో బాగుంటుందని సన్యాసిరాజు మనుషులే చెప్పారు. ఇప్పుడింత మాట్లాడింది గానీ, మైకు ముందు నిలబడితే ముసలమ్మ కాళ్లు వణుకుతాయి, "తండ్రీ స్తోత్రం" అని ముగించేస్తుంది. అర్జునరావుగారి లెక్క అది. ఎదుటి మనిషి వణుకుడు చూసి ఆ మనిషి మొత్తం అంతేననుకోవడం పెద్దమనుషులకి పుట్టుకతో వచ్చే జబ్బు.

ఇంట్లో సంగతి చెప్పగానే రాధ చేతిలో చేట కింద పెట్టేసింది. "అమా! దేవుడే దారి తీసినాడే! ఆడెదురుగానే ఉంటాడు. ఒక్క ముక్క అను. మా అల్లుడికి పని ఇప్పించు తండ్రీ అని. అంతమంది ముందు కాదనలేడు."

"ఒలే, ప్రార్థన్లో సొంత పని..."

"ఇన్నాళ్లూ అందరి పనులూ సెప్పినావు కదేటి? నీ కూతురి పని సెప్తే దేవుడు సెవులు మూసుకుంటాడా? మన మాట ఒక్కటే సెప్పు. టెంటంతటినీ నెత్తినెట్టుకోకు."

వెంకటేష్ గుమ్మం దగ్గర చెప్పు తెగితే కుట్టుకుంటున్నాడు. ఆ మనిషికి చర్చి మీద పెద్ద నమ్మకం లేదు. పెళ్లి కోసం బాప్తిస్మం పొందాడు, పండక్కి బిర్యానీ తింటాడు, అంతే. "దరకాస్తు దేవుడికెడతన్నావా అత్తా, సన్యాసిరాజుకా?" అన్నాడు.

"నువ్వూరుకో బాబూ. హజీరా ఎల్లకుండా ఉంటే నాకు ఇద్దరూ ఒకటే."

"ఇద్దరూ ఒకటైతే బాగానే ఉండును. ఒకడు పిలిస్తే పలకడు, ఇంకోడు పలికితే నమ్మలేం."

"నీ నోట్లో దుమ్ముపడ," అంది జోగమ్మ. లోపల మాత్రం వాక్యం పేర్చుకుంటూ కూర్చుంది. ఒక్క ముక్క. మా అల్లుడికి పని. ఆమెన్. అన్నం వార్చేటప్పుడూ అదే, గిన్నెలు తోమేటప్పుడూ అదే. ఇంత చిన్న మాటని ఎక్కడ మరిచిపోతానో అని అది కూడా ఒక బెంగ.

సెమీ క్రిస్మస్ సాయంత్రం చర్చి ఎదుట వీధికి అడ్డంగా షామియానా వేశారు. రంగు లైట్లు, కాగితం నక్షత్రాలు, సన్యాసిరాజు నిలువెత్తు ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మూలన పశువుల పాకలో పసిబాలుడు కూడా ఉన్నాడు, వెతికితే కనిపిస్తాడు. సన్యాసిరాజు కారు దిగే ముందు నుదుటి మీది సింహాచలం గంధాన్ని రుమాలుతో తుడుచుకోవడం ముందు వరసలో వాళ్లందరూ చూశారు. కిందటి నెల మసీదు ముందు టోపీ పెట్టుకున్నాడు. ఏ రేవుకి ఆ పడవ.

తిండి ఉన్న చోట ఎవరినీ పొమ్మనడం మా సంఘానికి అలవాటు లేదని పాస్టరు కాస్త ధైర్యం చేసి ప్రకటించాడు కాబట్టి, టెంటు వాళ్లూ వచ్చారు. వెనక వరసలో ఒదిగి కూర్చున్నారు. ఫౌండ్రీలో క్రేన్ నడిపిన దావూద్, అతని భార్య మదీనా బీ, ఇంకొంతమంది. వెంకటేష్ వాళ్లతోనే కూర్చున్నాడు. రాధ మాత్రం ముందు వరసలో, తల్లి కళ్లకి ఆనేలా.

అర్జునరావుగారు శాలువా కప్పారు. చర్చి వేరు, రాజకీయం వేరు అని మొదలుపెట్టి, సన్యాసిరాజుగారిలో తమకు ఒక నాయకుడు కాదు, ఒక సోదరుడు కనిపిస్తున్నాడన్నారు. సన్యాసిరాజు మైకు తీసుకుని, యేసుప్రభువు కూడా కష్టజీవేననీ, వడ్రంగి పని చేసుకున్నాడనీ, తనకి కష్టజీవులంటే ప్రాణమనీ చెప్పాడు. వెనక వరసలో ఎవరో గట్టిగా ముక్కు చీదారు.

"ఇప్పుడు మన మామ్మ జోగమ్మగారు ముగింపు ప్రార్థన చేస్తారు. అందరూ కళ్లు మూసుకోండి."

అందరూ లేచారు. కళ్లు మూసుకున్నారు. సన్యాసిరాజు రుమాలు నెత్తిన వేసుకుని వంగాడు. జోగమ్మ చెయ్యి అతని నెత్తి మీద పెట్టింది. కెమెరా వెలిగింది. కాళ్లు నిజంగానే వణికాయి. అర్జునరావుగారి లెక్క అంతవరకూ తప్పలేదు.

"తండ్రీ, నీకు స్తోత్రం. ఈ సందేళ మమ్మల్నందర్నీ ఒక దగ్గర సేర్సినావు. ఈ బాబుని తెచ్చినావు. ఈ బాబు సేతిలో పని ఎట్టినావు తండ్రీ, ఇచ్చీదీ ఆ సెయ్యే, తీసీదీ ఆ సెయ్యే. నా అల్లుడు వెంకటేషు పని పోయి కూకున్నాడు. నా కూతురు గ్రైండరు అమ్ముకుంటంది. ఉన్నది ఒక్క కూతురు. ఈ బాబు మనసు మెత్తబరిసి, నా అల్లుణ్ణి మళ్లీ పనిలో..."

ఆమె చేతి కింద తల కదిలింది. సన్యాసిరాజుకి చర్చి పట్టింపులు తెలియవు. సందు దొరికితే మాట వదిలే మనిషి కాదు. నెత్తిన రుమాలుతోనే లేచి మైకు తన వైపు తిప్పుకున్నాడు.

"అమ్మా! దేవుడికి సెప్పినావు, నాకు ఇనపడింది. నీ అల్లుణ్ణి రేపు పొద్దున్న గేటుకి పంపీ. నీ మీద ఒట్టు. ఆమెన్!"

"ఆమెన్! హల్లెలూయ!" అని అర్జునరావుగారు చప్పట్లు కొట్టారు. షామియానా అంతా చప్పట్లు. రాధ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "చూశారా! ధర్నాలతో కానిది ప్రార్థనతో అయింది! చర్చి పని ఇదీ!" అని అర్జునరావుగారు మైకు లేకుండానే అరిచారు.

జోగమ్మ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఎదురుగా రాధ. గ్రైండరు అమ్మక్కర్లేదు. నిఖిత బడి మారక్కర్లేదు. రేపు పొద్దున్నా, ఎల్లుండి పొద్దున్నా ఎప్పుడొస్తారని అడగొచ్చు, వస్తారు. ఒక్క ఆమెన్. మిగతా వాళ్లందరూ అనేశారు, తన నోటి నుంచి రావాలి, అంతే.

నోరు తెరిచి చూసింది. ముందు వరసల్లో కమిటీ వాళ్లు కళ్లు తెరిచేసి కేకు వైపు చూస్తున్నారు. వెనక వరసలో టెంటు వాళ్లు మాత్రం ఇంకా కళ్లు మూసుకునే నిలబడ్డారు. వాళ్లకి ఈ చర్చి పద్ధతి ఎవరో చెప్పి తీసుకొచ్చారు, ముసలామె ఆమెన్ అనేవరకూ కదలకూడదని. మదీనా బీ దుపట్టా తల మీదకి లాక్కుని, రెండు అరచేతులూ పైకి పట్టి నిలబడి ఉంది. వాన చుక్క కోసం పట్టినట్టు. దావూద్ పెదాలు కదులుతున్నాయి. తమ పేర్లు కూడా వస్తాయని వాళ్లు ఎదురుచూస్తున్నారు.

నీ కూతురుంటాది, అనేయ్, అని జోగమ్మకి తన లోపలే ఎవరో అన్నారు. ఆ గొంతు దేవుడిదా సైతానుదా అని ఆలోచించే తీరిక లేదు.

"బాబూ," అంది మైకులో. "నానింకా ఆమెన్ అనలేదు."

చప్పట్లు ఆగిపోయాయి.

"కళ్లు మూసుకోండి."

ఆ మాట మైకులో వచ్చింది కాబట్టి, ఆ చర్చిలో పుట్టి పెరిగిన వాళ్లకి వేరే దారి లేదు కాబట్టి, ముందు వరసల కళ్లు మళ్లీ మూతపడ్డాయి. అర్జునరావుగారి కళ్లు కూడా, చీమ కుట్టినట్టు చిట్లించుకుంటూ. సన్యాసిరాజు కాసేపు అటూ ఇటూ చూసి, కెమెరా ఉందని గుర్తొచ్చి రుమాలు సర్దుకుని వంగాడు.

"తండ్రీ, నా అల్లుడికి ఇచ్చినావు, నీకు స్తోత్రం. ఇంకా దావూదున్నాడు. క్రేను మీద ఎండకి కళ్లు పాడుసేసుకున్నాడు. ఆడికియ్యి. సన్యాసమ్మ పెద్ద కొడుకున్నాడు. ఆడి సెయ్యి కాలిపోతే ఆస్పత్రికి ఆటోలో ఎల్లినాడు. ఆడికియ్యి. నీకు తెల్దని సెప్పడం కాదు తండ్రీ. ఇక్కడ కొందరికి తెల్దు. జీతంలోంచి కోసిన పీఎఫ్ డబ్బులు పై రాజ్యంలో దాసినారేమోనని ఎదురుసూత్తన్నారు, అక్కడికి సేరిందో లేదో నువ్వే సెప్పాల. ఈ బాబుకి నువ్వు ఏ మాట సెప్పినా ఇంటాడు, ఇప్పుడే మాకు సాక్ష్యం సెప్పినాడు, కష్టజీవులంటే ప్రాణమని. ఆ ప్రాణం గేటు కాడ కూడా ఉండేలా సెయ్యి. అందరికీ ఇయ్యి తండ్రీ. అందరికీ ఇచ్చినప్పుడే నా ఇంటికియ్యి."

చివరి మాట తన నోటి నుంచి వస్తుందని ఆమె అనుకోలేదు. వచ్చేశాక వెనక్కి తీసుకోవడానికి అది మనుషులకి చెప్పిన మాట కాదు. పేర్లు గుర్తొచ్చినంతవరకూ చెప్పింది. గుర్తురాని వాళ్లని "ఆ పొట్టి అబ్బాయి", "కొత్తవలస నుంచి వచ్చే ఆయన" అంది. సన్యాసిరాజు నడుం పట్టేసినట్టుంది, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదకి మార్చుకున్నాడు. ఎవరూ ఆపలేదు. ఆపడానికి దారి లేదు. ఆ పట్టింపు వాళ్లు పెట్టుకున్నదే.

ఎట్టకేలకు, "ఆమెన్," అంది.

వెనక వరస ఒక్కటే గట్టిగా అంది.

సన్యాసిరాజు నడుం నిటారు చేసుకుని నవ్వాడు. నవ్వడం అతనికి వృత్తి. "మామ్మకి ఒకటిస్తే ముప్పై కావాలంట! సరే, అందరి సంగతీ కలిపి ఎన్నికలయ్యాక సూద్దాం," అని కేకు మీద కత్తి పెట్టాడు. కేకు నోట్లో పెట్టుకుంటూ అర్జునరావుగారి చెవిలో ఏదో అన్నాడు. బిర్యానీ తినకుండానే కారెక్కాడు.

మర్నాడు వెంకటేష్ గేటు దగ్గరికి వెళ్తే, "అందరితో పాటే నీ సంగతీ అంట బావా," అని వాచ్‌మన్ చెప్పాడు. ఆ వారంలోనే అచ్చులు పోసే చోట కొత్త మనిషి చేరాడు. పేరు రోహిత్. అర్జునరావుగారి మేనల్లుడు. అది రాజకీయం కాదు, సంఘ అవసరం అయ్యుంటుంది.

రాధ తల్లితో మాట్లాడటం మానేసింది. మానేసే ముందు ఒకే ఒక్కసారి మాట్లాడింది. "ఆడు ఇత్తానన్నాడు. ఒట్టెట్టినాడు. నీ నోరు మూసుకోనుంటే సరిపోనుగదే? మదీనా బీ కొడుకు నీకు అన్నమెడతాడా? నన్నెందుకు కన్నావు?" గ్రైండరు వెళ్లిపోయింది. దాని కింద నేల మీద గుండ్రటి మరక మిగిలింది.

వెంకటేష్ మాత్రం ఒక సాయంత్రం ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "నిజం సెప్పనా అత్తా. నువ్వు ఆమెన్ అనేసుంటే నాను ఎల్లిపోదును. తల దించుకోని లోపలికెల్లిపోదును. టెంటు వైపు సూసీవోణ్ణి కాదు. సిగ్గు తీసినావో, సిగ్గు దక్కించినావో తెలీటం లేదు."

"ఉండిపోరా నాయనా," అంది జోగమ్మ.

"ఉంటే ఏటి తింటాం?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఆమెకి ఇంకా కష్టంగా తోచింది.

కమిటీ కూర్చుంది. జోగమ్మ ప్రార్థనలో రాజకీయం దొర్లిందనీ, ఇకమీదట అతిథులున్నప్పుడు ప్రార్థన కమిటీ సభ్యులే చెయ్యాలనీ తీర్మానించింది. ఏ మాట రాజకీయం అని పాస్టరు అడిగాడట. అర్జునరావుగారు చాలాసేపు ఆలోచించి, "'అందరికీ' అన్నది," అన్నారట. సమాధుల స్థలం సంగతి ఎవరూ ఎత్తలేదు.

దువ్వాడ స్టేషన్‌లో రైలు వచ్చేసరికి ఎండ నెత్తిమీదుంది. మదీనా బీ చపాతీలు పొట్లం కట్టి తెచ్చింది. రాధ తీసుకుంది, ఎవరి మొహమూ చూడకుండా. నిఖిత కిటికీలోంచి అమ్మమ్మ వేలు పట్టుకుంది. రైలు కదిలాక కూడా కాస్త దూరం వేలు వదల్లేదు. జోగమ్మ పక్కన నడిచింది, తర్వాత నడవలేకపోయింది. ఆఖరి పెట్టె దాటిపోతుండగా లోపలి నుంచి "అమా!" అని రాధ గొంతు వినిపించింది. తర్వాత ఏమందో రైలు చప్పుడులో తెలియలేదు. తిట్టిందో, పిలిచిందో.

పాస్టరు సాయిశంకర్ వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు. ఆమె పక్కన నిలబడి, నేర్చుకున్న మెత్తటి గొంతుతో, "దుఃఖపడకమ్మా. అంతా ప్రభువు చిత్తం," అన్నాడు.

"ఆయన మీదకి తొయ్యకండి అయ్యగారూ," అంది జోగమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇది ఆయన సెయ్యలేదు. నాను సేసినాను. కూతుర్ని నా నోటితో పంపించుకున్నాను. తప్పైతే నాదే, ఒప్పైతే నాదే. పెతీదీ తీసుకెళ్లి ఆయన గుమ్మంలో పడేత్తే ఆయన మాత్రం ఎంతని ఎత్తుకుంటాడు?"

మదీనా బీతో కలిసి ముగ్గురూ మెట్లెక్కి బయటికొచ్చారు. ఆటోనగర్ వైపు వెళ్లే షేర్ ఆటో నిలబడి ఉంది. జోగమ్మ ముందు మదీనా బీని ఎక్కించి, తానెక్కి, పక్కకి జరిగింది.

"టెంటు కాడికే ఎల్తన్నాం. ఇంకో మనిషికి సోటుంది. రండి."

"కమిటీకి ఒక మాట చెప్పి..." అన్నాడు పాస్టరు. "ఇవ్వాళ కాకపోతే..."

"ఖాలా, ఆయన్ని ఇబ్బంది పెట్టకు," అంది మదీనా బీ మెల్లగా.

"ఇబ్బంది కాదమ్మా, సీటు," అంది జోగమ్మ.

ఆటోవాడు హారన్ కొట్టాడు. "ఎక్కుతారా, లేదా గురూగారూ? ఒక్క సీటే, టైమైపోతంది!" పాస్టరు జేబులోంచి ఫోన్ తీసి అర్జునరావుగారి నంబరు వెతుకుతున్నాడు. కొబ్బరి బోండాల గోనె మోసుకుంటూ ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. జోగమ్మ ఇంకొంచెం జరిగి గోనెకి కూడా చోటిచ్చింది. ఆటో కదిలింది.